సోషియాలజీ విద్యార్థులకు ఆదివారం ఒక గది కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నాది నరసాపురం దగ్గర ఒక పల్లె. ఇంటర్ అయిన ఏడాదే పెళ్లి చేశారు, చదువు అక్కడితో ఆగిపోయింది. పిల్లలిద్దరూ హైస్కూల్‌కి వచ్చాక, మా ఆయన సరేనన్నాక, ఆన్‌లైన్ డిగ్రీలో చేరాను. ఏ సంస్థలో చేరానో రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్క సంస్థది కాదనే అనుకుంటున్నాను. మొదటి సెమిస్టర్‌లో సోషియాలజీ పరిచయం అని ఒక పేపర్ ఉంది, ఈ ఉత్తరం ఆ పేపర్ గురించి.

ముందు మంచి చెప్పాలి. ఆన్‌లైన్ లేకపోతే నాకు ఈ చదువే లేదు. నరసాపురంలో డిగ్రీ కాలేజీ ఉంది కానీ పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా క్లాసులో కూర్చునే వీలు నాలాంటి వాళ్లకి ఎక్కడ ఉంటుంది? ఇప్పుడైతే తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఒక పాఠం వింటాను, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వింటాను, మధ్యాహ్నం ఇయర్‌ఫోన్ పెట్టుకుని లేసు అల్లుకుంటూ ఇంకో పాఠం వింటాను. క్లాసులో మాస్టారిని ఒకే ముక్క నాలుగుసార్లు చెప్పమని ఎవరు అడగగలరు? ఫోన్‌ని అడగొచ్చు. కరెంటు, సిగ్నల్ కష్టాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు, నేను రాయను.

ఒకరోజు అలా లేసు అల్లుకుంటూ ‘ఆడవాళ్లు, పని’ అనే పాఠం వింటున్నాను. మేడమ్ ఇంగ్లీషులో చెప్పుకుపోతూ మధ్యలో ‘నర్సాపూర్’ అన్నారు. మెదక్ వైపు నర్సాపూర్ అనుకున్నాను. వెనక్కి తిప్పి విన్నాను, ‘లేస్’ అన్న మాట వినిపించింది. అది మా నరసాపురమే! మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు మా వైపు వచ్చి లేసు అల్లే ఆడవాళ్లతో మాట్లాడి 1982లో ఒక పుస్తకం తెచ్చారని, దాన్ని దేశదేశాల్లో చదువుతారని నాకు ముప్పై నాలుగో ఏట ఫోన్‌లో తెలిసింది. ఇక్కడే పుట్టి, ఎనిమిదేళ్లప్పటి నుంచి లేసు సూది పట్టుకున్న నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పాఠంలో ఆ సంగతికి దక్కింది నాలుగైదు వాక్యాలే, ఆ తర్వాత వేరే దేశం లెక్కల్లోకి వెళ్లిపోయారు.

మీస్ చెప్పింది చాలా మామూలుగా కనిపించే సంగతి. ఈ ఆడవాళ్లు ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు, ఆ లేసు విదేశాలకి ఎగుమతి అవుతోంది, అయినా వ్యాపారస్తుల దృష్టిలో వాళ్లు గృహిణులే, తీరిక వేళలో ఏదో కాలక్షేపం చేసుకుంటున్నవాళ్లే. పనివాళ్లు కాదు కాబట్టి కూలి లెక్క లేదు, వచ్చేది పొలం కూలీకి వచ్చేదానికన్నా తక్కువ. అది విన్న రోజు రాత్రి మా అత్తగారిని అడిగాను, అత్తయ్యా రోజుకి ఎన్ని గంటలు అల్లుతారు అని. “గంటలేంటమ్మా, ఖాళీగా ఉన్నప్పుడు రెండు పువ్వులు వేసుకోవడమే కదా” అన్నారు. సరేనని ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. టిఫిన్లు అయ్యాక మొదలుపెట్టి వంట దాకా, భోజనాలయ్యాక దీపాలు పెట్టే దాకా, రాత్రి సీరియల్ చూస్తూ కాసేపు. ఆరు గంటలు దాటింది. ఆవిడ నా మొహం చూసి “అంత సేపా?” అన్నారు. నలభై ఏళ్లుగా అల్లుతున్న మనిషి, రేషన్ కార్డు నుంచి ఏ కాగితం చూసినా వృత్తి దగ్గర గృహిణి అనే ఉంటుంది. మన లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే సంతోషించాం, ఆ లేసు అల్లిన చేతులకి ఏ గుర్తింపు ఉందని ఆ రోజు దాకా నాకు ప్రశ్నే రాలేదు. నాకు సోషియాలజీ వచ్చింది అంటే ఆ రాత్రే వచ్చింది.

తర్వాత వారం అసైన్‌మెంట్ ఇచ్చారు, ఒక కుటుంబంలో శ్రమ విభజన గురించి మూడు వందల పదాలు రాయమని. నేను మా వీధిలో ఏడిళ్లకి వెళ్లి అడిగాను. దారం ఎవరు తెస్తారు, ఏజెంటు ఎప్పుడొస్తాడు, డబ్బులు ఎవరి చేతికి ఇస్తాడు, అల్లే గంటల్లో పిల్లల్ని ఎవరు చూస్తారు. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, తెలుగులో టైపు చేసి పంపాను. సున్నా వచ్చింది. అది మనిషి దిద్దింది కాదు, ఇంగ్లీషు కాకపోతే సిస్టమ్ తీసుకోదట. ప్రశ్నలు అడగడానికి చర్చా వేదిక అని ఉంది, అక్కడ రాస్తే మూడు వారాలు జవాబు లేదు. ఆఖరికి మా ఆడపడుచు కూతురి చేత ఇంగ్లీషులో, అదీ పాఠంలో ఉన్న నిర్వచనాలే అటూ ఇటూ మార్చి రాయించి పంపితే పదికి ఎనిమిది వేశారు. ఏడిళ్లు తిరిగి రాసినదానికి సున్నా, ఒక్క ఇల్లూ చూడకుండా రాసినదానికి ఎనిమిది. నాకు ఏడుపొచ్చింది అండీ, మార్కుల కోసం కాదు.

ఉదాహరణల సంగతి కూడా ఇంతే. రైట్ మిల్స్ అనే అమెరికన్ 1959లో చెప్పిన మాట ఒకటి ఈ పేపర్‌లో మొదటి వారమే వస్తుంది. లక్ష మంది ఉన్న ఊళ్లో ఒక్కడికి ఉద్యోగం లేకపోతే అది అతని సొంత కష్టం, అయిదు కోట్ల మంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి లేకపోతే అది అందరి సమస్య, అప్పుడు ఒక్కొక్కడి గుణం చూసి లాభం లేదు, మొత్తం ఏర్పాటునే చూడాలి. మాట గొప్పది. కానీ మాకు అర్థం కావడానికి అమెరికా దాకా వెళ్లాలా? 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) పంట వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. ఒక్క రైతు చేను బీడు పెడితే అతనికి ఓపిక లేదంటాం, అప్పులపాలయ్యాడంటాం. ఊళ్లకి ఊళ్లు, అదీ కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి నీళ్లకి కొదవ లేని డెల్టాలో, మేం వరి వేయం అని కూర్చుంటే? గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, పూడిపోయిన మురుగు కాలువలు, ధాన్యం దాచడానికి చోటు లేకపోవడం, ఇవన్నీ బయటికొస్తాయి. మిల్స్ చెప్పింది అదే. మా నాన్న కౌలు రైతు, దాళ్వా (రబీ) ఒక్కటే వేసి సార్వా వదిలేసిన ఏడాది ఊళ్లో తలెత్తుకోలేక తిరిగారు. ఈ పాఠం అప్పుడు మా ఇంట్లో ఎవరికైనా తెలిసుంటే బాగుండేదనిపించింది.

ఇక కులం. ఆ వారం వీడియోలు నాలుగు, ప్రశ్నలు పది. సంస్కృతీకరణ, అంటే కింది కులాల వాళ్లు పై కులాల ఆచారాలు అలవాటు చేసుకోవడం, ఈ భావన ఎవరిది? ఎమ్‌.ఎన్‌. శ్రీనివాస్ అని నొక్కితే చాలు, మార్కు పడిపోతుంది. ప్రాబల్య కులం, అంటే ఊళ్లో భూమీ బలగమూ ఉండి పెత్తనం చేసే కులం, అన్న మాట కూడా ఆయనదే, దాన్ని ఆయన మైసూరు దగ్గర ఒక పల్లెలో నెలల తరబడి ఉండి, చెరువులూ పొలాలూ పంచాయితీలూ చూసి చెప్పారు. మాకేమో అది నాలుగు ఆప్షన్లలో ఒకటి. 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చడం మీద ఏం జరిగిందో, ఇళ్లు ఎలా తగలబడ్డాయో, తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఎలా ఆపేశారో గోదావరికి ఇటుపక్కా అటుపక్కా అందరికీ తెలుసు. కులం పాఠం చదువుతున్న ఈ డెల్టా పిల్లలకి అంతకన్నా దగ్గరి సంగతి ఏముంటుంది? కానీ ఆ చర్చా వేదికలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఎలా రాస్తారు? పేరు పక్కన ఇంటిపేరు కనిపిస్తుంది, మా వైపు ఇంటిపేరు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది, రాసిన మాట ఎవరు స్క్రీన్‌షాట్ తీసి ఎక్కడ పెడతారో అన్న టెన్షన్. నేనూ రాయలేదు. ఇలాంటి పాఠానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి. గొంతు పెరిగినప్పుడు ఆగమని చెప్పే టీచర్ ఉండాలి, మాట్లాడని వాళ్ల మొహం చూసి అడిగేవాళ్లు ఉండాలి.

ఇదంతా కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. 1982లోనే మన దగ్గర దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, ఇప్పుడు దానికి అంబేడ్కర్ పేరు ఉంది. తెలుగులో పుస్తకాలు ఇంటికి పంపేవారు, ఊళ్లలో కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టి సెలవు రోజుల్లో క్లాసులు చెప్పించేవారు. మా మేనమామ అలాగే చదివారు, ఆదివారం క్లాసులో పరిచయమైన స్నేహితులు ఆయనకి ఇప్పటికీ ఉన్నారు. సోషియాలజీకి తెలుగులో మాటలు లేవని కూడా అనడానికి లేదు. తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాల్లో స్తరీకరణ, పరాయీకరణ, సాంఘికీకరణ అన్నీ ఉన్నాయి. పాత పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకున్నాను, ఇంగ్లీషు వీడియో విన్నాక అదే అధ్యాయం తెలుగులో చదివితే అప్పుడు మనసుకి ఎక్కుతోంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివే ఏర్పాటు విద్యార్థే చేసుకోవాల్సి రావడం ఏమిటో నాకు అర్థం కాదు.

ఇది నా ఒక్కదాని సమస్య అయితే మీ పత్రికలో చోటు అడిగేదాన్ని కాదు. 2017లో కేంద్రం ‘స్వయం’ పోర్టల్ మొదలుపెట్టింది, అందులో కోర్సులు ఉచితం, పరీక్ష రాసేవాళ్లు ఫీజు కట్టాలి. 2021లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) తెచ్చిన నిబంధనల ప్రకారం మామూలు కాలేజీ పిల్లలు కూడా ఒక సెమిస్టర్‌లో నలభై శాతం కోర్సుల దాకా అలా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు. అంటే సోషియాలజీ లెక్చరర్ లేని కాలేజీలో రేపు పిల్లలకి ఈ పేపర్ ఫోన్‌లోనే దొరుకుతుంది. అకౌంట్స్, కంప్యూటర్ లాంటివి అలా వస్తాయేమో, నేను చెప్పలేను. కానీ సోషియాలజీ మాత్రం మన వీధిలోకి మనల్ని మళ్లీ పంపకపోతే రాదు, ఇది నేను అనుభవించి చెబుతున్న మాట.

విశ్వవిద్యాలయాల వాళ్లని, డెల్టాలో ఉన్న డిగ్రీ కాలేజీల వాళ్లని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఆప్షన్ల ప్రశ్నలు వారానికో పది ఉండనివ్వండి, కానీ సెమిస్టర్‌లో ఒక్క అసైన్‌మెంట్ అయినా విద్యార్థి సొంత ఊరి మీద, తెలుగులో రాసే వీలుతో ఇవ్వండి, దాన్ని మనిషి చదివి మార్కులు వేయాలి. ఆదివారం కాలేజీ ఖాళీగానే ఉంటుంది కదా, ఒక గది తెరిచి, రిటైరైన సోషియాలజీ మాస్టార్లు ఎవరైనా ఉంటే వాళ్లకి దారి ఖర్చులిచ్చి రెండు గంటలు కూర్చోబెట్టండి. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు, ఎక్కడైనా సరే. ఆన్‌లైన్‌లో చేరినవాళ్లు ఏ సంస్థ వాళ్లయినా వచ్చి కూర్చునేలా ఉండాలి.

నేను ఏడిళ్లలో రాసుకున్న నోట్‌బుక్ జాగ్రత్తగా ఉంది. నాతోపాటు ఇదే పేపర్ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి వస్తామంటున్నారు, వాళ్లమ్మలు కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి వచ్చారు, వాళ్లు రాసుకున్నవి కూడా ఉన్నాయి. నరసాపురంలో ఎవరు గది ఇచ్చినా వచ్చే ఆదివారం నుంచే వస్తాం.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా