మార్గిట్ కర్ర ఎత్తినప్పుడు

ఒరేయ్ చిన్నా,

ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌లో నువ్వు మార్గిట్‌తో పోరాడుతూ తీసి పంపిన వీడియో మూడుసార్లు చూశాను. పన్నెండు నిమిషాల్లో తొమ్మిదిసార్లు చచ్చావు. ఫోన్లో చెబుదామంటే రెండో మాటకే "నాకు తెలుసులే అక్కా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు కదా. అమ్మ నిన్న అడిగింది, "వాడు తలుపేసుకుని లోపల ఎవర్నో తిడుతున్నాడే, ఎవరే ఆ మార్గిట్?" అని. నీ క్లాసులో అమ్మాయేమో అనుకుంటోంది పాపం. కొమ్ములూ తోకా ఉన్న ముసలాడమ్మా అని చెబితే ఇంకా కంగారు పడింది.

నన్ను చూసి గొప్ప అనుకోకు. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. నేను కొన్నది మాత్రం ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో. సాయంత్రం నాలుగింటికే చీకటి పడేది, మాట్లాడటానికి మనిషి ఉండేవాడు కాదు. మార్గిట్‌ని పడగొట్టడానికి నాకు 38 ప్రయత్నాలు పట్టాయి. లెక్క ఎలా తెలుసంటావా? ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద గీతలు గీసేదాన్ని. నువ్వింకా అందులో సగానికి రాలేదు, కంట్రోలర్ విసిరేయాల్సినంత ఏమీ జరగలేదు.

ముందు నీ స్టేటస్ పేజీ సంగతి. వీడియోలో అది ఒక్క క్షణం తెరిచావు, అక్కడ ఆపి చూశాను. సమురాయ్ పాత్రతో మొదలుపెట్టావు, మంచిదే. 9వ లెవెల్ నుంచి 15కి వచ్చావు. వచ్చిన ఆరు పాయింట్లూ తీసుకెళ్లి డెక్స్‌టెరిటీలో, అంటే చేతి చురుకులో పోశావు. ప్రాణాన్ని పెంచే విగర్ మాత్రం మొదట్లో ఉన్న 12 దగ్గరే ఉంది. అంటే నీ ప్రాణం 455. విగర్ 20 చేస్తే అది 652 అవుతుంది, 25 అయితే 800, 40 అయితే 1450. నలభై దాటాక పెరుగుదల మందగిస్తుంది, 60 దగ్గర 1900. ఇక ఆ తర్వాత పెంచినా పెద్దగా రాదు. నువ్వు ఇప్పుడు మార్గిట్ చేతిలో రెండు మూడు దెబ్బలకే పోతున్నావు. అలా పోతుంటే వాడేం చేస్తున్నాడో చూసే టైమే ఉండదు. కనీసం 20 దాకా విగర్ పెంచు, తర్వాత నీ ఇష్టం.

దెబ్బలో బలం కావాలంటే కత్తిని బాగుచేయించు. చర్చ్ ఆఫ్ ఎల్లేలో నువ్వు రోజూ చూసే ఆ దాగలి ఉంది చూడు, వ్యాపారి కాలే కూర్చునే చోట, అక్కడే +3 దాకా చేసుకోవచ్చు. దానికి మొదటి రకం స్మితింగ్ స్టోన్లు మొత్తం పన్నెండు కావాలి: రెండు, నాలుగు, ఆరు. లిమ్‌గ్రేవ్ టనెల్స్ అనే గనిలోకి దిగితే చాలా దొరుకుతాయి. ఇంతదూరం వచ్చి ఇంకా బాగుచేయించని +0 కత్తితో, ఆ ఉచిగతానాతోనే కొడుతున్నావంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో మాట. గ్రేస్ అనే విశ్రాంతి చోటు దగ్గర కూర్చుంటే బంగారు వెలుగు ఒకటి దారి చూపిస్తుంది కదా, అది నిన్ను నేరుగా మార్గిట్ కాపలా ఉన్న స్టార్మ్‌వీల్ కోట గుమ్మానికే తీసుకెళ్తుంది. అటు చూపిస్తోంది కాబట్టి ఇప్పుడే వెళ్లాలేమో అనుకుంటాం. నేనూ అలాగే వెళ్లాను. ఆట మొదట్లోనే ఎదురుగా గుర్రం మీద బంగారు కవచంవాడిని పెట్టింది ఎందుకంటావ్? తట్టుకోలేకపోతే పక్కకి పో, తర్వాత రా అని. దక్షిణాన వీపింగ్ పెనిన్సులా మొత్తం నీ కోసం ఖాళీగా ఉంది. శత్రువులు అక్కడ తేలిక. రెండు సాయంత్రాలు అటు తిరిగొస్తే ఇదే మార్గిట్ కాస్త చిన్నగా కనిపిస్తాడు.

సరే, ఇప్పుడు అసలు రోగం. నీ రోల్, అదే దెబ్బ తప్పించుకోవడానికి నేల మీద దొర్లడం.

వీడియోలో నాలుగో చావు చూడు. మార్గిట్ కర్ర రెండు చేతులా పైకెత్తాడు. ఎత్తగానే నువ్వు రోల్ కొట్టావు. వాడు దించలేదు. నువ్వు లేచావు, వాడు ఇంకా దించలేదు. భయమేసి మళ్లీ రోల్ కొట్టావు, అది అయిపోయి మోకాలి మీద నుంచి లేస్తుండగా తాపీగా నీ నెత్తిన వేశాడు. అయిదో చావూ అదే, ఏడోదీ అదే. కర్ర ఎత్తడానికీ దించడానికీ మధ్య వాడు కావాలనే ఆగుతాడు. ఎత్తగానే దూకేవాళ్ల కోసమే వాడిని అలా తయారు చేశారు. రోల్ మొదలైన కాసేపే నీకు దెబ్బ తగలదు, చివర్లో లేచేటప్పుడు మామూలుగా తగులుతుంది. కాబట్టి ముందుగా దొర్లినవాడికంటే అసలు దొర్లనివాడే నయం.

దీనికి నేను కనిపెట్టిన మందు ఒకటే: పైకి మాట్లాడటం. పిచ్చిదానిలా గదిలో ఒక్కదాన్నే కూర్చుని "ఎత్తాడు... ఇంకా లేదు... ఇంకా లేదు... భుజం కదిలింది, ఇప్పుడు!" అనుకునేదాన్ని. కర్ర వైపు చూడకు, అది ఊరించడానికే. వాడి భుజం, మోచెయ్యి చూడు. కిందికి రావడం మొదలయ్యాకే బొటనవేలు కదలాలి. పక్కింటివాళ్లు ఏమనుకున్నారో తెలియదు గానీ, నాలుగు రోజుల్లో ఆ దెబ్బ నాకు తగలడం మానేసింది.

బొటనవేలంటే గుర్తొచ్చింది. నువ్వు సర్కిల్ బటన్‌ని గట్టిగా నొక్కి పట్టుకుంటున్నావని నా అనుమానం. ఈ ఆటలో ఆ బటన్ పట్టుకుంటే పరుగు, నొక్కి వదిలితే రోల్. అంటే నొక్కినప్పుడు కాదురా, వేలు పైకి లేచినప్పుడే మనిషి దొర్లుతాడు. కంగారులో బటన్ మీద వేలు బిగుసుకుపోతే రోల్ అంతసేపు ఆలస్యం. నువ్వు "నేను నొక్కాను, వీడు దొర్లలేదు" అని అరిచిన చోటల్లా ఇదే జరిగి ఉంటుంది. చురుక్కుమన్నట్టు తాకి వదిలెయ్. ఇంకోటి, రెండుసార్లు నొక్కితే రెండోది వరసలో నిలబడుతుంది. మొదటి రోల్ అవగానే నీకు ఇష్టం ఉన్నా లేకపోయినా రెండోది జరిగిపోతుంది. ఒక దెబ్బకి ఒకే నొక్కు.

ఎటు దొర్లాలి? నువ్వు ప్రతిసారీ వెనక్కి పోతున్నావు. వాడి కర్ర పొడవు చూశావా, వెనక్కి పోతే కొస తగులుతుంది. దూరంగా ఉంటే బాకులు విసురుతాడు, లేదా గాల్లోకి ఎగిరి మీద పడతాడు. వాడి వైపే, కొంచెం పక్కగా, చంక కిందుగా దూరు. మొదట్లో ఒళ్లు ఒప్పుకోదు, దెబ్బ వస్తున్న వైపుకి ఎవరు వెళ్తారు? ఒక్కసారి వాడి వీపు వెనక తేలావనుకో, అలవాటైపోతుంది. మరీ అక్కడే కాపురం పెట్టకు, తోక తిప్పుతాడు.

వాడి ప్రాణం సగానికి దగ్గరపడుతుండగా వెలుగుతో చేసిన పెద్ద సుత్తి తీస్తాడు. అక్కడ కొత్తగా భయపడాల్సింది లేదు, వరస కొంచెం పొడుగవుతుంది అంతే. ఆగి, భుజం చూసి, లోపలికి.

కొట్టడం గురించి. ఒకసారి కత్తి ఊపడం మొదలుపెట్టాక మధ్యలో మానుకోలేవు, ఊపు పూర్తయ్యేదాకా నిలబడాల్సిందే. ఓపిక చూపించే ఆకుపచ్చ గీత పూర్తిగా ఖాళీ చేసి కొడుతున్నావు, తర్వాత రోల్‌కి ఓపిక ఉండటం లేదు. వాడి వరస అయ్యాక రెండు దెబ్బలు, చాలు. ఎప్పుడూ ఒక రోల్‌కి సరిపడా మిగుల్చుకో. "ఇంకొక్కటి" అనే ఆశ ఉంది చూడు, నా 38లో కనీసం పది దాని పుణ్యమే. 31వ సారి వాడి గీత గోరంత మిగిలింది. రోల్ చెయ్యాల్సిన చోట కొట్టాను. చావు తప్పి కన్ను లొట్టపోవడం అంటారే, ఇక్కడ కన్ను బాగానే ఉంది, చావే తప్పలేదు. ఆ రాత్రి టీవీ ఆపేసి అంట్లు తోముకున్నాను.

నీ ఉచిగతానాకి రక్తస్రావం ఉంది, అది బాగా పనికొస్తుంది. వరసగా దెబ్బలు పడితే లోపల ఒక గీత నిండి, వాడి ప్రాణంలో పెద్ద ముక్క ఒకేసారి పోతుంది. కొట్టకుండా మరీ ఎక్కువసేపు తిరిగితే ఆ గీత దిగిపోతుంది, అందుకే దగ్గరలోనే ఉండమంటున్నాను. అవకాశం పెద్దదైతే ఎగిరి ఆర్ టూతో, అంటే బరువు దెబ్బ బటన్‌తో కొట్టు. ఎగిరి కొట్టే బరువు దెబ్బలూ, పట్టి వదిలే బరువు దెబ్బలూ వాడి నిలకడని దెబ్బతీస్తాయి. అలా నాలుగైదు పడ్డాక మోకాళ్ల మీద కూలబడతాడు. అప్పుడు కంగారుపడి పక్క నుంచి గీరకు. ఎదురుగా వెళ్లి నిలబడి ఒక్కసారి ఆర్ వన్, మామూలు దెబ్బ బటన్. అదొక్కటి చాలా దెబ్బలకి సమానం.

నీకు డాలు పట్టుకోవాలని ఉంటే చేతిలో ఉన్న ఆ చిన్న గుండ్రటిదాన్ని నమ్ముకోకు, సగం దెబ్బ నీకే వస్తుంది. గాడ్రిక్ సైనికులు ఒక్కోసారి బ్రాస్ షీల్డ్ వదులుతారు, అది మామూలు దెబ్బని నూటికి నూరు ఆపుతుంది. ఆపిన వెంటనే ఆర్ టూ నొక్కితే ఎదురు దెబ్బ పడుతుంది. రోల్ కుదరనివాళ్లకి ఇది వరం. కాకపోతే బరువు చూసుకో. ఒంటి మీది బరువు నువ్వు మోయగలిగినదాంట్లో 70 శాతం దాటితే ఏనుగులా దొర్లుతావు, ఇక నేను పైన రాసిందంతా దండగ.

ఫ్లాస్క్, అంటే ప్రాణం నింపే సీసా తాగడం. వీడియోలో నువ్వు ఏడుసార్లు తాగావు, అయిదుసార్లు బాకు వచ్చి తగిలింది. అది దురదృష్టం అనుకుంటున్నావు. నువ్వు సీసా ఎత్తావంటే వాడికి తెలిసిపోతుంది, దూరంగా పరిగెత్తి తాగితే ఇంకా సుఖంగా విసురుతాడు. వాడు ఏదైనా పెద్ద దెబ్బ నేలకి కొట్టి లేస్తున్నప్పుడు, నువ్వు కొట్టగలిగే ఆ రెండు క్షణాల్లోనే, కొట్టడం మానేసి తాగు. దెబ్బ తగలగానే తాగాలనిపిస్తుంది, అదే తప్పు సమయం. ముందు ఒక దెబ్బ తప్పించుకో, తర్వాత తాగు.

తోడేళ్ల సంగతి నువ్వు నవ్వినా చెబుతాను. గుర్రం దొరికాక రాత్రిపూట చర్చ్ ఆఫ్ ఎల్లేకి వెళ్తే రెన్నా అనే ఆవిడ కూర్చుని ఉంటుంది. పిలిచే గంటా, దానితో వచ్చే మూడు తోడేళ్లనీ ఇస్తుంది. అవి వాడి చుట్టూ తిరుగుతుంటే నీకు తాగడానికీ, చూడటానికీ టైమ్ దొరుకుతుంది. పొగమంచు తలుపు బయట నేల మీద బంగారు రంగు రాత ఉంటుంది, నొక్కితే రోజియర్ అనే మంత్రగాడు కూడా సాయానికి వస్తాడు. "అలా గెలిస్తే గెలిచినట్టా" అంటావు, నాకు తెలుసు. ఆట చేసినవాళ్లే పెట్టిన వస్తువులు వాడుకోవడం మోసం ఎలా అవుతుందో నువ్వే చెప్పాలి. మర్క్‌వాటర్ గుహలో ప్యాచెస్ అనేవాడి దగ్గర 5000 రూన్లకి (ఆటలో డబ్బు అదే కదా) సంకెళ్లు కూడా దొరుకుతాయి, వాడిని రెండుసార్లు నేలకి కట్టెయ్యొచ్చు. నన్నడిగితే ఆ రూన్లతో లెవెల్స్ పెంచుకోవడమే మంచిది.

ఇక ఈ వారం నీ హోంవర్క్. ఉన్న రూన్లన్నీ ముందు ఖర్చు పెట్టెయ్, చస్తే పోతాయన్న టెన్షన్ ఉండకూడదు. తలుపు ముందే గ్రేస్ ఉంది కాబట్టి తిరిగి రావడం క్షణాల పని. అయిదుసార్లు లోపలికి వెళ్లు, ఒక్క దెబ్బ కూడా కొట్టకు. తోడేళ్లు వద్దు, సీసా వద్దు. వాడి చేతిలో ఎంతసేపు బతికి ఉంటావో చూడు. నాకు మొదటిసారి ఇరవై సెకన్లు, అయిదోసారి రెండు నిమిషాలు వచ్చింది. కొట్టాలన్న తొందర లేకపోతే కళ్లు వాటంతట అవే పనిచేస్తాయి.

శనివారం నాకు సెలవు, మీకు సాయంత్రమయ్యేసరికి నేను లేచే ఉంటాను. ఈసారి వీడియో స్క్రీన్‌ది వద్దు, నీ చేతులది కావాలి. సర్కిల్ మీద నీ బొటనవేలు ఎంతసేపు ఉంటోందో నేను చూడాలి. ఫోన్ నాన్నని పట్టుకోమను. అడ్డంగా పట్టుకోవాలని ముందే చెప్పు, పోయినసారి నిలువుగా తీసి నీ మోచెయ్యి ఒక్కటే పంపించారు.

ఉంటాను,
అక్క