నోటరీ సంతకం చెల్లదని ఎవరు చెప్పారు?

సంపాదకుడు గారికి,

విదేశాల్లో పిల్లల దగ్గర ఉంటున్న పింఛనుదార్లు కూడా ఫోన్‌లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చని పది రోజుల కిందట మన నల్లగొండ పేజీలో వార్త వేశారు. నవంబర్ దగ్గర పడింది కాబట్టి వేయాల్సిన వార్తే. కానీ ఆ ఫోన్ ముఖాన్ని పట్టకపోతే ఏం చేయాలో ఒక్క ముక్క రాయలేదు. పోయిన ఏడాది ఆ బాధ పడ్డవాణ్ని నేను.

తపాలా శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పోయిన సెప్టెంబర్‌లో నేనూ మా ఆవిడా డాలస్‌లో మా బిడ్డ దగ్గరికి వెళ్లాం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లం ఏటా నవంబర్‌లో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటినవాళ్లు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. బిడ్డ ఆ యాప్ తెరిచి రాత్రి పదకొండు దాకా నన్ను కూర్చోబెట్టింది. కళ్లద్దాలు తీశాను, లైటు కిందికి జరిగాను, రెప్ప కొట్టమంటే కొట్టాను. పట్టలేదు. యాప్ ముఖాన్ని పోల్చేది ఆధార్‌లో ఉన్న ఫోటోతో, నాదేమో పదేళ్ల కిందటిది. అప్పుడు నాకు నిండా జుట్టుంది, బుగ్గలున్నాయి. మూడు రాత్రులు అదే తంతు.

కాన్సులేట్‌కు పోదామంటే అది హ్యూస్టన్‌లో ఉంది, కారులో నాలుగు గంటలు పోవాలి. మా ఆవిడ మోకాళ్లకు అది కాని పని. విదేశంలో ఉన్నవాళ్లకు మేజిస్ట్రేట్, నోటరీ, బ్యాంకు అధికారి, భారత దౌత్య అధికారి, ఈ నలుగురిలో ఎవరు సంతకం చేసినా చాలని నిబంధన ఉంది. ఇంటి దగ్గరి బ్యాంకులోనే నోటరీ ఉంది. పాస్‌పోర్టు చూసి, తన ఎదుటే నాతో సంతకం పెట్టించి, తానూ సంతకం చేసి ముద్ర వేసి ఇచ్చింది. పది నిమిషాల పని. కొరియర్‌లో పంపాం, నవంబర్ మూడో వారానికే నల్లగొండలో నా పింఛను వేసే బ్యాంకు బ్రాంచికి అందింది.

డిసెంబర్ నుంచి పింఛను ఆగింది. ఫోన్ చేస్తే ఎత్తరు. వారం తర్వాత ఎత్తి, కాన్సులేట్ ముద్ర లేదు, ఇది చెల్లదన్నారు. నిబంధన ఉందండీ అంటే మాకు తెలియదు, మీరే రండి అన్నారు. డాలస్ నుంచి నల్లగొండ రమ్మంటారా? మూడు నెలలు మందుల ఖర్చుకు కూడా అల్లుడి ముందు చెయ్యి చాచాను. 34 ఏళ్ల నౌకరీ చేసినవాడికి అది ఎంత చిన్నతనమో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఫిబ్రవరిలో వచ్చి ఎదురుగా నిలబడితే బకాయిలతో సహా వేశారు. నా కొరియర్ కాగితం అదే ఫైల్లో ఉంది. నిబంధన చదవనందుకు ఒక్కరూ పొరపాటయిందని అనలేదు.

నేను దేవరకొండ పోస్టాఫీసులో కౌంటర్ మీద ఉన్నప్పుడు మనియార్డర్ కోసం ముసలమ్మలు వచ్చేవాళ్లు. సిరా ప్యాడ్ మీద బొటనవేలు అద్దించి, పక్కన సాక్షితో సంతకం పెట్టించి డబ్బులు లెక్కబెట్టి ఇచ్చేవాళ్లం. లేవలేని వాళ్లుంటే పోస్ట్‌మ్యాన్ మంచం దాకా పోయేవాడు. మాకు రూల్ బుక్ కంఠతా ఉండాలి, లేకపోతే ఇన్‌స్పెక్షన్‌లో నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్‌లో కనిపించనిది లేనట్టే. నాట్లు వేసి వేళ్లు అరిగిన ఆడవాళ్లను చూడండి. మిషన్ మీద వేలిముద్ర పడలేదని వెనక్కి పంపుతారు, రేపు రమ్మంటారు. రేపటికి వేలు మారుతుందా?

ఇప్పుడు మన ఊళ్లో రామగిరిలో, హౌసింగ్ బోర్డు కాలనీలో ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయో మీకు తెలుసు. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటే తల్లిదండ్రులు ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. పింఛను ఇచ్చే ప్రతి బ్యాంకు ఆ నలుగురి సంతకాల నిబంధనను తెలుగులో రాసి గోడకు అంటించాలి. కొరియర్‌లో వచ్చిన సర్టిఫికెట్‌కు రసీదు ఇవ్వాలి. వద్దనుకుంటే ఎందుకు వద్దో కాగితం మీద రాసివ్వాలి. జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులు ఈ నెలలోనే బ్రాంచీలకు చెప్పాలి, నవంబర్ అయిపోయాక కాదు.

మా పక్కింటి వదిన ఫ్యామిలీ పింఛను తీసుకుంటుంది. దసరా కాగానే మెల్‌బోర్న్‌లో కొడుకు దగ్గరికి పోతోంది. మీ వార్త కత్తిరించి పెట్టుకుని, నాకు ఫోన్ చాలా అన్నయ్యా అని అడిగింది. నా నోటరీ కాగితం జిరాక్స్ తీసి ఆమె పాస్‌పోర్టులో పెట్టి ఇచ్చాను.

- ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగి, నల్లగొండ