మా పక్కింటి మోర్మన్ జంట: మీ వ్యాసంలో లేని సంగతులు

సంపాదకుల వారికి,

నమస్కారాలు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో మోర్మన్ల మీద, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం వారి మీద, ఇటీవల వచ్చిన వ్యాసాన్ని నేను అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ఆ మతస్థుల మధ్యనే ఉంటూ చదివాను. బహుభార్యాత్వం, బయటివారికి ప్రవేశం లేని దేవాలయాలు, ఒంటిమీది పవిత్ర వస్త్రాలు, ఈ మూడింటితోనే వ్యాసం మొదలై ముగిసింది. గుంటూరులో అధ్యాపకవృత్తి నుంచి విరమించి, లీహై అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న మా అమ్మాయి, అల్లుడి దగ్గర ఉంటున్న మనిషిని నేను. మా పక్కింట్లో పాతికేళ్లు దాటిన ఒక మోర్మన్ యువకుడు, అతని భార్య, నడక నేర్చుకుంటున్న వాళ్ల పాప ఉంటారు. వాళ్ల రోజులు ఎలా గడుస్తున్నాయో దగ్గరగా చూస్తున్నందువల్ల, మీ వ్యాసకర్త వదిలేసిన సంగతులు కొన్ని పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు బహుభార్యాత్వం సంగతి తేల్చేస్తాను. మోర్మన్ సంఘం ఆ ఆచారాన్ని 1890లోనే, నాలుగో అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ప్రకటనతో విరమించుకుంది. ఆ తర్వాత ఆరేళ్లకు, 1896లో, యూటాకు రాష్ట్ర హోదా వచ్చింది. ఈనాడు ఎవరైనా రెండో భార్యను తెచ్చుకుంటే సంఘం నుంచి వెలివేస్తారు. యూటా, అరిజోనా సరిహద్దులో ఆ ఆచారాన్ని పట్టుకుని వేలాడిన వర్గం వేరు. దాని నాయకుడు వారెన్ జెఫ్స్‌కు 2011లో టెక్సస్ న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. మీ వ్యాసకర్త ఈ రెండింటినీ కలిపేశారు. మా పక్కింటి అమ్మాయి ముందు ఈ ప్రస్తావన తెస్తే ఆమె ముఖంలో కనిపించేది కోపం కాదు, చెప్పి చెప్పి విసిగిన అలసట.

ఆ దంపతుల జీవితాన్ని నిజంగా నడిపించేది వారపు క్రమం. ఆదివారం ఉదయం రెండు గంటల ఆరాధన ఉంటుంది. 2019 జనవరికి ముందు అది మూడు గంటలు. ఏ కుటుంబం ఏ వార్డుకు, అంటే ఏ స్థానిక సంఘానికి, వెళ్లాలో ఇంటి చిరునామాను బట్టి నిర్ణయమై ఉంటుంది కాబట్టి, ప్రసంగం బాగుంటుందనో పాటలు బాగుంటాయనో మరో చోటికి మారే వీలు లేదు. వార్డుకు పెద్ద అయిన బిషప్‌కు జీతం ఉండదు, ఆయన వారమంతా తన ఉద్యోగం తాను చేసుకుని మిగిలిన వేళల్లో ఈ పని చూస్తారు. వేదిక మీద మాట్లాడేది కూడా మామూలు సభ్యులే. ఒక ఆదివారం మా పక్కింటి కుర్రాడికి ఆ వంతు వస్తే, నేనూ వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. రొట్టె పంచారు, ద్రాక్షారసానికి బదులు నీళ్లిచ్చారు. ఆపైన అతను పావుగంటసేపు వణికే గొంతుతో ఓర్పు గురించి మాట్లాడాడు. పాండిత్యమేమీ లేదు. అయినా, అధ్యాపకుడిగా ఎన్నో సభలు చూసిన నాకు, వచ్చే వారం తన వంతు వస్తుందని తెలిసిన శ్రోతలు ఎంత దయగా వింటారో అక్కడే కనిపించింది. భార్యకు పసిపిల్లల గదిని చూసే బాధ్యత, భర్తకు పదేళ్ల పిల్లలకు పాఠం చెప్పే బాధ్యత అప్పగించారు. ఇవి వాళ్లు కోరుకున్నవి కావు, బిషప్ అడిగితే ఒప్పుకున్నవి.

నెలలో మొదటి ఆదివారం ఉపవాసం. రెండు పూటల భోజనం మాని, దానికయ్యే ఖర్చును బిషప్ చేతికిస్తే, అది ఆ వార్డులోనే ఇబ్బందుల్లో ఉన్నవారికి చేరుతుంది. ఏకాదశి ఉపవాసాలు, శుక్రవారం ఒంటిపూటలు ఎరిగిన మనకు ఇందులో వింత ఏమీ ఉండదు; మిగిలిన తిండి ఖర్చు లెక్కగా వేరొకరి ఇంటికి వెళ్లడం మాత్రం మనం అందిపుచ్చుకోదగిన పద్ధతి. దీనికి తోడు రాబడిలో పదో వంతు దశమభాగంగా ఇస్తారు. ఇంటి అప్పు, పసిబిడ్డ ఖర్చులు ఉన్న ఈ జంటకు అది చిన్న మొత్తం కాదు. ఈ విషయంలో నా అభ్యంతరాన్ని వాళ్లకు చెప్పాను, మీ పాఠకులకూ చెబుతాను. సంఘం తన పెట్టుబడుల పరిమాణం బయటపడకుండా డొల్ల కంపెనీల పేరిట వివరాలు దాఖలు చేయించిందన్న అభియోగం మీద 2023 ఫిబ్రవరిలో అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ సంఘానికీ, దాని పెట్టుబడుల విభాగానికీ కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా విధించింది. అంత సంపద ఉన్న సంస్థ ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న యువ దంపతుల దగ్గర పదో వంతు తీసుకోవాలా అని అడిగితే, డబ్బు సంఘం కోసం కాదు, తమ మనసు కోసం ఇస్తున్నామని భర్త అన్నాడు. ఆ జవాబు అతనికి సరిపోయింది, నాకు సరిపోలేదు.

సోమవారం సాయంత్రం ఇంటివాళ్లకే. ఆ పూట సంఘం సమావేశాలు పెట్టదు. చిన్న ప్రార్థన, ఒక పాట, ఏదో ఆట, చివర తీపి పదార్థం, ఇంతే కార్యక్రమం; పాపకు అర్థమయ్యేది చివరి అంశం ఒక్కటే.

ఇక షికార్ల విషయం. ఆదివారం వాళ్లు దుకాణాలకూ, హోటళ్లకూ, ఆటల పోటీలకూ వెళ్లరు కనుక సరదాలన్నీ శుక్ర, శనివారాల్లో సర్దుకోవాలి. 1833లో సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చెప్పిన ఆరోగ్య నియమం ప్రకారం మద్యం, పొగాకు, కాఫీ, తేయాకు నిషిద్ధం. మా ఇంటికి వచ్చినప్పుడు ఫిల్టర్ కాఫీ వాసన చూసి ఆ అమ్మాయి నవ్వుతుంది, మజ్జిగ అడుగుతుంది. శీతల పానీయాల మీద మాత్రం నిషేధం లేదు. అందువల్ల యూటాలో సోడా దుకాణాలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. కోలాలో కొబ్బరి సిరప్పు, మీగడ, నిమ్మరసం కలిపి బకెట్టంత గ్లాసులో పోసిస్తారు, దాన్ని డర్టీ సోడా అంటారు. శుక్రవారం రాత్రి పాపను అమ్మమ్మ దగ్గర వదిలి ఈ జంట చేసే పెద్ద విలాసం, కారులో కూర్చుని ఆ సోడా తాగుతూ కబుర్లు చెప్పుకోవడమే. మన ఊళ్లో టీకొట్టు చేసే పనిని ఇక్కడ ఈ దుకాణాలు చేస్తున్నాయి. కాఫీకి వద్దన్న ఆరోగ్యం అంత చక్కెరకు ఎలా ఒప్పుకుందో అని నేనంటే, ఆ ప్రశ్నను వాళ్లమ్మ కూడా అడుగుతుందట.

శనివారం కొండలు. ప్రోవో లోయలో బ్రైడల్ వెయిల్ జలపాతం దాకా పాపను వీపుకు కట్టుకుని నడుస్తారు. గ్రేట్ సాల్ట్ లేక్ మధ్యనున్న యాంటిలోప్ దీవికి ఒకసారి మమ్మల్నీ తీసుకెళ్లారు. అడవి దున్నలు మంద కట్టి మేస్తున్న ఆ బీడు, ఉప్పు పేరుకున్న తెల్లని ఒడ్డు, ఎటు చూసినా మనిషి అలికిడి లేని నీళ్లు చూశాక, 1847 జులై 24న స్మిత్ తర్వాతి నాయకుడు బ్రిగమ్ యంగ్ వెంట బండ్ల మీద ఈ లోయకు చేరినవారికి ఇక్కడే ఆగుదామని ఎలా అనిపించిందో ఊహకు అందలేదు. మిస్సోరీ నుంచి తరిమేశారు, ఇల్లినాయిలో స్థాపకుణ్ణి 1844లో జైల్లోనే గుంపు కాల్చి చంపింది, ఇక ఎవరూ కోరుకోని నేల కావాలనుకున్నారని ఆ కుర్రాడు చెప్పాడు. యూటాలో జులై 24 ప్రభుత్వ సెలవు. ఊరేగింపులు, బాణసంచా అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై నాలుగుతో పోటీ పడతాయి.

మన పాఠకులకు ఆశ్చర్యం కలిగించే షికారు ఇంకొకటుంది. ప్రోవోకు దక్షిణాన స్పానిష్ ఫోర్క్ ఊరి పక్క గుట్టమీద, గోవర్ధనం దగ్గరి కుసుమ సరోవర కట్టడాల పోలికలో కట్టిన రాధాకృష్ణ మందిరం ఉంది. ఏటా వసంతంలో అక్కడ జరిగే హోలీకి వేల సంఖ్యలో వచ్చే యువతలో మోర్మన్లు, ముఖ్యంగా ప్రోవోలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, చాలా మంది ఉంటారు. మద్యం ముట్టని జనానికి మద్యం లేని పండుగ నచ్చడంలో వింత లేదు. మా పక్కింటి జంట పెళ్లికి ముందు కలిసి వెళ్లిన మొదటి షికారు అదేనట. ఇప్పటికీ వెళ్తారు, ఆదివారం తప్పించి శనివారమే వెళ్తారు. అక్కడ హరే కృష్ణ అని పాడితే మీ మతానికి అడ్డు కాదా అని అడిగాను. దేవుణ్ణి పిలవడం తప్పెలా అవుతుందని భార్య అంది. భర్త మాత్రం తాను రంగులు చల్లడం వరకేనని, పాడనని చెప్పాడు. ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరి విశ్వాసం కూడా అచ్చంగా ఒకటిగా ఉండదని మీ వ్యాసకర్త గమనిస్తే బాగుండేది.

దేవాలయం గురించి రాసినదానిలో కొంత నిజం ఉంది. ఆదివారం ఆరాధన జరిగే చోటికి ఎవరైనా వెళ్లవచ్చు, దేవాలయంలోకి మాత్రం బిషప్ దగ్గర అర్హతాపత్రం పొందిన సభ్యులే వెళ్లాలి. అక్కడ జరిగే వివాహ సంస్కారం ఈ లోకానికే కాక నిత్యత్వానికీ దంపతులను కలిపి ఉంచుతుందని వాళ్ల నమ్మిక. దానివల్ల సభ్యులు కాని తల్లిదండ్రులు కన్నబిడ్డ పెళ్లిని చూడలేక బయట తోటలో కూర్చోవలసి వచ్చేది. ముందు బయట పెళ్లి చేసుకుంటే దేవాలయ సంస్కారానికి ఏడాది ఆగాలన్న నియమం అమెరికాలో 2019 మే దాకా ఉంది. ఆ నియమం తీసేశాక పెళ్లయిన జంట ఇది. అమ్మాయి తండ్రి సంఘ సభ్యుడు కాడు. ఆయన కళ్లముందు పెరట్లో పెళ్లి చేసుకుని, ఆ తర్వాత అమెరికన్ ఫోర్క్‌లో ఉన్న టింపనోగస్ దేవాలయానికి వెళ్లారు. ఇంతమంది తండ్రులను ఇన్నేళ్లు బయట కూర్చోబెట్టిన నియమాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను. యాజకత్వం, అంటే మత సంస్కారాలు జరిపే అధికారం, పురుషులకే పరిమితం కావడం, నల్లజాతి పురుషులకు 1978 వరకు అది దక్కకపోవడం కూడా ఆ కోవలోనివే. వాటి గురించి అడిగినప్పుడు భర్త సంఘం చెప్పే వివరణ చెప్పాడు, భార్య మౌనంగా పాప చొక్కాకు గుండీలు పెట్టింది.

పూర్వీకుల విషయంలో వాళ్ల శ్రద్ధ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. చనిపోయినవారి తరఫున బతికున్నవారు దేవాలయంలో బాప్తిస్మం పొందితే, పైలోకంలో దాన్ని స్వీకరించాలో వద్దో వారే నిర్ణయించుకుంటారని వాళ్లు నమ్ముతారు. అందుకోసమే ప్రపంచమంతటా వంశవృక్షాల రికార్డులు సేకరించి, సాల్ట్ లేక్ సిటీ దగ్గర కొండను తొలిచి కట్టిన గదుల్లో భద్రపరిచారు. హరిద్వారంలోని పండాలు తరతరాలుగా రాసుకున్న యాత్రికుల వహీలు, అంటే వంశావళి పుస్తకాలు, కూడా వాళ్ల సేకరణలో ఉన్నాయి. తద్దినం నాడు మూడు తరాల పేర్లు చెప్పి పిండం పెట్టే ఇంటినుంచి వచ్చిన నాకు, పోయినవారికి మనం చేయవలసింది ఇంకా ఉందన్న భావన పరాయిదిగా తోచలేదు. కానీ నాజీల చేతుల్లో చనిపోయిన యూదుల పేర్లతో ఇటువంటి బాప్తిస్మాలు జరగడం వల్ల పెద్ద వివాదం చెలరేగి, వాటిని ఆపుతామని సంఘం 1995లో ఒప్పుకోవలసి వచ్చింది. తమ సొంత పూర్వీకుల పేర్లే ఇవ్వాలన్నది ఇప్పటి నియమం. మా తాతగారి పేరు అడిగితే చెప్పాను, అది దేవాలయానికి వెళ్లకూడదనీ చెప్పాను. ఆ కుర్రాడు తలూపి, ఆయన ఏం చేసేవారని మాత్రం అడిగాడు.

యూటాకు కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలకు ఉండే భయం గురించి కూడా రాయాలి. ఇల్లు మారిన వారంలోనే ఇరుగుపొరుగు బిస్కట్లు, రొట్టెలు పట్టుకుని వస్తారు, పేరు చీటీలు తగిలించుకున్న యువకులు ఇద్దరేసి వచ్చి తలుపు తడతారు. మతం మార్చడానికే ఇదంతా అని మనవాళ్లు తలుపు తీయడం మానేస్తారు. మతప్రచారం వాళ్ల ధర్మంలో భాగమన్న మాట నిజం. మా పక్కింటి కుర్రాడే రెండేళ్లు పెరూలో ఆ పని చేసి వచ్చాడు. ఇంటికి వారం వారం ఫోన్ చేసుకునే అనుమతి 2019 ఫిబ్రవరిలో వచ్చిందనీ, అంతకుముందు ఏడాదికి రెండు పిలుపులేననీ చెబుతూ, తనను పంపిన తల్లి పడ్డ బాధను ఇప్పటికీ తలుచుకుంటాడు. అయితే మాకు ఆసక్తి లేదని మా అల్లుడు ఒక్కసారి సూటిగా చెప్పాక ఆ ప్రసక్తి మళ్లీ రాలేదు, రొట్టెలు మాత్రం వస్తూనే ఉన్నాయి. మంచు కురిసిన ఉదయాన మా వాకిలి కూడా అతనే శుభ్రం చేసి పోతాడు. ప్రతిగా మా అమ్మాయి పంపే పులిహోరకు ఆ వార్డులో మంచి పేరుంది.

ఇది తెలుగువారికి బొత్తిగా దూరపు కథ కాదు. సమోవాలో ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు అనే దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువులలో ఇరవైమందికి పైగా ఈ మతంలోకి తెచ్చారు. వాళ్ల గ్రంథభాగాలను తెలుగు చేసినది ఎల్సీ తండ్రి, బాప్టిస్టు పాస్టరుగా పనిచేసిన శ్రీనివాసం గారు. భారతదేశంలో ఆ సంఘపు మొదటి స్టేక్, అంటే అనేక వార్డుల సముదాయం, 2012 మేలో ఏర్పడింది కూడా హైదరాబాదులోనే. తెలుగులో ప్రార్థించే మోర్మన్ యువ దంపతులు మీ కార్యాలయానికి ఏ పాతిక కిలోమీటర్ల లోపునో ఉండి ఉండగా, మీ వ్యాసకర్త వారిలో ఒక్కరితోనైనా మాట్లాడిన దాఖలా వ్యాసంలో లేదు.

కాబట్టి నా విన్నపాలు రెండు. బహుభార్యాత్వం గురించి వ్యాసంలో వర్తమానకాలంలో రాసిన వాక్యాలకు సవరణ ప్రచురించండి. రెండోది, నలభై ఏళ్లు కట్టి 1893లో ప్రతిష్ఠించిన సాల్ట్ లేక్ దేవాలయం మరమ్మతులు ముగిశాక, 2027 ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు మతభేదం లేకుండా అందరినీ లోపలికి అనుమతిస్తామని సంఘం ప్రకటించింది. అప్పుడు మీ విలేఖరి ఎవరైనా ఈ ప్రాంతానికి వస్తే రహస్యమని రాసిన గదులను స్వయంగా చూసి రాయవచ్చు. భోజనం మా ఇంట్లో, కాఫీతో సహా.

భవదీయుడు,
గుంటూరు పాఠకుడు, ప్రస్తుతం లీహై, యూటా