యుద్ధవిమానం నమూనాకు తెల్లపొణికి చెక్క చాలు

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు 8, వైమానిక దళ దినోత్సవం దగ్గరపడితే బడుల్లో యుద్ధవిమానాల నమూనాలు బల్లలెక్కుతాయి. పిల్లల ఉత్సాహానికి వంక పెట్టలేం. కానీ చాలావరకు థర్మోకోల్‌కు రంగు పూసినవే. అది ఏ విమానం, ఏ స్కేలు అంటే చెప్పేవారుండరు. కచ్చితంగా చేయాలంటే విదేశీ కిట్టు కొనాల్సిందేనని పెద్దలు అంటుంటారు. అక్కర్లేదు. విజయవాడ పక్కనే కొండపల్లి ఉంది. బొమ్మలు చెక్కే తెల్లపొణికితో 1/72 స్కేలు, అంటే అసలులో 72వ వంతు, విమానం నిక్షేపంగా వస్తుంది.

1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లల చేత 5 లక్షల విమాన నమూనాలు చేయించాలని పూనుకుంది. అవి చెక్కవే, స్కేలు కూడా 1/72. ఆకాశంలో ఉన్నది ఎవరి విమానమో ఆకారం చూసి పోల్చుకునే శిక్షణ కోసం. ఆ స్కేలు నమూనా పది మీటర్ల దూరంలో ఉంటే, 720 మీటర్ల దూరంలోని అసలు విమానంలా కనిపిస్తుంది. అందుకే కొలత తప్పిన నమూనా వాళ్లకు పనికిరాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో మన వైమానిక దళం బర్మా సరిహద్దుల్లో నడిపిన బ్రిటిష్ యుద్ధవిమానం హరికేన్‌నే తీసుకుందాం. 1944లో ఇంఫాల్ పోరులో అర్జన్ సింగ్ నాయకత్వంలో నంబర్ 1 స్క్వాడ్రన్ వాడింది దీన్నే. రెక్కల వెడల్పు 40 అడుగులు, అంటే 1/72లో 169 మిల్లీమీటర్లు. మూడు వైపుల డ్రాయింగు ఎ4 కాగితం మీద పడుతుంది. అయితే జిరాక్సు షాపులో ‘ఫిట్ టు పేజ్’ పెడితే కొలత మారిపోతుంది. స్కేలు పెట్టి 169 వచ్చిందో లేదో చూశాకే అట్ట మూసలు కత్తిరించాలి. ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా అసలు విమానం మీద 72 మిల్లీమీటర్లు.

చెక్క బాగా ఆరాలి. కొండపల్లి కళాకారులు సన్నసెగ మీద తేమ పోగొట్టేది ఇందుకే. పచ్చి చెక్కతో చేసిన రెక్క రంగు వేశాక వంకర తిరుగుతుంది. చెక్క నార రెక్క పొడవునా ఉండాలి, అడ్డంగా ఉంటే కొస విరుగుతుంది. మొండేనికి రెండు పలకల మధ్య వార్తాపత్రిక ముక్క పెట్టి ఫెవికాల్‌తో అతికిస్తే నడిగీత చెదరదు, తర్వాత చాకుమొనతో విడదీసి పైలట్ కూర్చునే కాక్‌పిట్ తొలుచుకోవచ్చు. హరికేన్ రెక్క, ఆ కాలపు మరో బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ రెక్క కంటే బాగా మందం. దాన్ని పల్చటి పలకగా చేస్తే విమానం పోలికే పోతుంది. రెక్క మధ్యభాగం సమతలం. బయటి రెక్కలు మాత్రం 3.5 డిగ్రీలు పైకి, అంటే ప్రతి 10 మిల్లీమీటర్లకు 0.6 మిల్లీమీటరు చొప్పున లేవాలి. అతుకు ఆరేదాకా కొసల కింద అట్టముక్కలు పేర్చాలి.

వెనుక మొండెం అసలు విమానంలో గుడ్డ కప్పినది. లోపలి చెక్కబద్దలు పొడవునా సన్నటి గట్లుగా తేలి ఉంటాయి. నమూనాలో దారం అంటిస్తే మోటుగా ఉంటుంది. చెక్క రంధ్రాలు పూడ్చే శాండింగ్ సీలర్ మూడు పూతలు వేసి, పూతపూతకూ 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, ఆపైన అర మిల్లీమీటరు వెడల్పున కోసిన సెల్లోఫేన్ టేపు అంటించి ప్రైమర్ కొడితే గట్టు సహజంగా వస్తుంది. కాక్‌పిట్ అద్దం మూతను మాత్రం సూపర్‌గ్లూతో అతికించవద్దు, దాని ఆవిరికి తెల్లగా మసకబారుతుంది. ఫెవికాల్ మేలు.

అన్నిటికన్నా బాధ కలిగించేది గుర్తుల తప్పు. హరికేన్ మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు వేస్తున్నారు. అవి స్వాతంత్ర్యం తర్వాతివి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన జపాన్ విమానాల గుర్తు ఎర్రటి సూర్యబింబం. దానితో పొరబడతారని ఈ ప్రాంతంలోని మిత్రపక్ష విమానాల గుర్తుల్లో ఎరుపు తీసేశారు. 1944 నాటి హరికేన్‌కు ముదురు నీలం వలయం, మధ్యలో లేత నీలం వేయాలి. పైన ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు పట్టలు, అడుగున బూడిదరంగు. ఫిరంగులు నాలుగా, రెండా అన్నది నమూనాకు ఎంచుకున్న విమానం ఫొటో చూసి తేల్చుకోవాలి.

వానాకాలంలో లాకర్ (థిన్నర్ కలిపి వేసే మెరుగు పూత) పూయకండి. థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడితే గాలిలోని తేమ దానిపై పట్టి పూత పాలిపోతుంది. పొడి రోజు చూసుకోవాలి.

ప్రదర్శన నిర్వాహకులకు ఒకటే విన్నపం. ప్రతి నమూనా పక్కన విమానం పేరు, స్కేలు, ఏ సంవత్సరం నాటి రంగులు వేశారో రాసిన చీటీ, ఆధారంగా తీసుకున్న ఫొటో ఉండాలని నిబంధన పెట్టండి. సెప్టెంబరులో ఒక పూట కొండపల్లి కళాకారులను పిలిపించి, తగిన పారితోషికమిచ్చి, పిల్లలకు చెక్క ఎంపిక, ఉలి పట్టడం నేర్పించండి.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ