మూడు కోట్ల ప్రశ్నకు ‘నోటెడ్ సర్’ అన్న మీ విదేశీ చదువుల కన్సల్టెన్సీ మీద ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
హెడ్ ఆఫీసు, హైదరాబాద్.
నకలు: బెంజ్ సర్కిల్ బ్రాంచి, విజయవాడ.

అయ్యా,

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మెయిల్ పెడితే ‘టికెట్ రైజ్ అయింది’ అని ఒక నంబరు పంపి మీ వాళ్లు చేతులు దులుపుకుంటారు. పోస్టుమ్యాన్ ముందు మాత్రం ఎవరో ఒకరు సంతకం పెట్టక తప్పదు. ఆ సంతకమైనా మీ సంస్థ నాకిచ్చిన జవాబు కింద దాచుకుంటాను.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం నాది. మీరు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక్క గదిలో ఆఫీసు నడిపిన రోజుల్లో మా పెద్దవాణ్ణి ఎంఎస్ కోసం మీ దగ్గరికి తీసుకొచ్చాను. అప్పుడు మీరే ఎదురుగా కూర్చుని, టెక్సాస్‌లో ఏ స్టేట్ యూనివర్సిటీకి ఫీజెంత, గది అద్దెకెంత, తిండికెంత అని తెల్ల కాగితం మీద వేసి చూపించారు. ఆ ఒక్క కాగితం చూసి యార్డులో ఎంతమందికి మీ పేరు చెప్పానో నాకే లెక్క లేదు. మా బావమరిది కొడుకు, ఎదురుకొట్టు వాళ్ల ఇద్దరమ్మాయిలు, మా గుమాస్తా మేనల్లుడు, అందరూ మీ గుమ్మం తొక్కినవాళ్లే. పైసా అడగలేదు. కమీషన్ మీద బతికేవాణ్ణి ఈ మాట అంటున్నానంటే మీ మీద ఎంత అభిమానం ఉండేదో అర్థం చేసుకోండి.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. మార్చి నెలాఖరులో అమెరికాలో బాగా పేరున్న ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ డిగ్రీకి సీటొచ్చింది. ఇంట్లో పులిహోర చేసుకున్నాం, చుట్టాలందరికీ ఫోన్లు చేశాం, ఆ తర్వాత ఫీజు చూశాం. హాస్టలు, తిండి కలిపి ఏడాదికి 85 వేల డాలర్లు. నాలుగేళ్లకు మన డబ్బులో మూడు కోట్లకు కాస్త అటూ ఇటూ. రాజధానికి ఇచ్చిన పొలానికి బదులొచ్చిన ప్లాటు అమ్మి, మిగతాది అప్పు తెస్తే సరిపోతుంది. సరిపోతుంది సరే, అలా చేయొచ్చా అన్నదే నా ప్రశ్న.

మీ ప్రీమియం ప్యాకేజీ కొన్నదే ఆ ప్రశ్న కోసం. ‘పెట్టుబడికి రాబడి నివేదిక, మీ కుటుంబానికి ప్రత్యేకంగా’ అని మీ బ్రోచర్‌లో బంగారు రంగు అక్షరాలతో ఉంది. కాలేజీకి డిపాజిట్ కట్టడానికి మే 1 గడువు. ఆలోపు నేను తేల్చమన్నది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఆ కాలేజీలో ఎకనామిక్స్ స్టెమ్ కోర్సు (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోవలోది) కింద లెక్కా, కాదా? స్టెమ్ అయితే చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి ఏడాది మీద ఇంకో రెండేళ్లు అక్కడ పనిచేసుకోవచ్చు, కాకపోతే ఆ ఏడాదితో సరి. మూడేళ్లు డాలర్లలో జీతం రావడానికీ, ఒక్క ఏడాది రావడానికీ తేడా ఏమిటో వడ్డీ కట్టేవాడికి తెలుస్తుంది. ఆపైన అక్కడ ఉద్యోగానికి కావాల్సిన హెచ్‌1బీ వీసా లాటరీ కాలేజీ పేరు చూసి తగలదు కదా. తగలక తిరిగొస్తే, ఆ పేరుకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎంత జీతమిస్తారు? ఇంతే నేనడిగింది.

ముందు మీ రిలేషన్‌షిప్ మేనేజర్ అమ్మాయి ఫోన్ ఎత్తింది. “కంగ్రాట్స్ అంకుల్! ఇంత మంచి కాలేజీ వచ్చాక ఇంకా ఆలోచనేంటి అంకుల్?” అంది. స్టెమ్ గురించి అడిగితే, “అది సైన్స్ గ్రూపు వాళ్లకండీ” అంది. ఎకనామిక్స్‌లో కూడా కొన్ని కాలేజీలు స్టెమ్ కింద పెట్టుకున్నాయమ్మా, మన కాలేజీ సంగతి కనుక్కో అన్నాను. కనుక్కుంటానంది. అదే ఆఖరు, ఆ పిల్ల గొంతు మళ్లీ వినలేదు. వాట్సాప్‌లో అడిగితే ‘నోటెడ్ సర్’, పక్కన దండం బొమ్మ. మళ్లీ అడిగితే మళ్లీ ‘నోటెడ్ సర్’. ఎక్కడ నోట్ చేసుకున్నారో ఆ పుస్తకం ఒక్కసారి చూపించండి, కళ్లారా చూసి తరిస్తాను.

సరే, ఫోన్లతో పని కాదని ఏప్రిల్ ఎండలో వారధి మీద ట్రాఫిక్ దాటుకుని మీ బ్రాంచికి వచ్చాను. సీనియర్ కౌన్సెలర్ గారు వెబినార్‌లో ఉన్నారు, కూర్చోమన్నారు. హాల్లో పెద్ద టీవీ. ఆ టీవీలో ఆయనే. పక్క గదిలో కూర్చుని మాట్లాడుతున్న మనిషిని నేను టీవీలో చూస్తున్నాను. ఆయన మాట్లాడుతున్న విషయం ‘ఎలైట్ కాలేజీ చదువు: డబ్బుకు తగ్గ విలువేనా?’ డబ్బు కట్టిన నేను గోడ ఇవతల ఏసీలో ఆవలిస్తుంటే, కట్టనివాళ్లకు ఆయన అదే ప్రశ్నకు చేతులూపుతూ జవాబు చెబుతున్నాడు. అందులోనైనా ఏమన్నా దొరుకుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ‘నెట్‌వర్క్’, ‘ఎక్స్‌పోజర్’, ‘బ్రాండ్’ అన్న మూడు మాటలు తప్ప అంకె ఒక్కటీ పలకలేదు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, “సర్, పిల్లల భవిష్యత్తును లెక్కల్లో చూడకూడదు” అన్నాడు. మీ ప్యాకేజీ ధర చెప్పినప్పుడు మాత్రం జీఎస్టీతో సహా లెక్కల్లోనే చెప్పారు.

అదే హాలు గోడ మీద మా పెద్దవాడి ఫోటో ఉంది. దాని కింద ‘ఎలైట్ సక్సెస్ స్టోరీ’ అని రాశారు. వాడు చదివింది స్టేట్ యూనివర్సిటీలో, ఫీజు తక్కువని మీరే చూపించిన దాంట్లో.

కస్టమర్ కేర్ సంగతి కూడా చెప్పాలి. పాత కస్టమర్లు మూడు నొక్కమంటారు. నొక్కితే సంగీతం, కాసేపటికి లైన్ కట్. ఒకరోజు విసుగొచ్చి కొత్త అడ్మిషన్ల నంబరు నొక్కాను. రింగు పూర్తిగా మోగనన్నా మోగలేదు, ఒక కుర్రాడు ఎత్తి, “నమస్కారం సర్, మీ అమ్మాయి కలను నిజం చేద్దాం” అన్నాడు. నేను ఇప్పటికే కట్టానయ్యా అంటే, “అయితే మూడు నొక్కండి సర్” అని పెట్టేశాడు. పెట్టేముందు మాత్రం, ఉగాది ఆఫర్ ఇంకా ఉందని, తెలిసినవాళ్లుంటే చెప్పమని మరిచిపోకుండా చెప్పాడు.

చివరికి గడువు నెత్తిమీదికొచ్చాక నివేదిక వచ్చింది. టోపీలు ఎగరేస్తున్న పిల్లల బొమ్మలు ముందు రెండు పేజీలు. మూడో పేజీలో ‘ప్రియమైన’ తర్వాత మా అమ్మాయి పేరు కాదు, ఎవరో అబ్బాయి పేరు. అతను వెళ్లేది కెనడాకు. కింద పట్టికలో ‘కోర్సు ఖర్చు’ అన్న గడిలో మా అంకె ఉంది, ‘మొదటి జీతం’ అన్న గడి ఖాళీ, ‘రాబడి’ అన్న గడిలో ‘అద్భుతం’ అని ఉంది. యార్డులో ఒక్క టిక్కీ, అంటే ఒక్క బస్తా, కొనేవాడు కూడా సంచి విప్పించి, గుప్పెడు కాయ తీసి, రంగు చూసి, విరిచి, తేమ ఎంతుందో చూసుకుని గానీ ధర చెప్పడు. తాలు కాయ కలిపి అమ్మితే మర్నాటి నుంచి ఆ కొట్టు మొహం చూడరు. మూడు కోట్ల సరుకుకు మీరు పెట్టిన నాణ్యత పరీక్ష ‘అద్భుతం’ అన్న ఒక్క ముక్క.

ఇదంతా ఒక ఎత్తు. నాకు అసలు కడుపు మండింది అరండల్‌పేటలో మా బ్యాంకుకు వెళ్లిన రోజు. అక్కడి ఆఫీసరుకు నేను పైసా ఫీజు కట్టలేదు. ఆయన పే-ఇన్ స్లిప్పు వెనక్కి తిప్పి పెన్నుతో వేశాడు: కోటి రూపాయలకు 10 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు, నెలకు లక్షా ఏడు వేల పైచిలుకు. చదువుకునే నాలుగేళ్లూ, ఆపైన ఏడాదీ కట్టక్కర్లేదు గానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, అది కలిస్తే ఇంకా ఎక్కువవుతుందండీ అన్నాడు. చదువు అప్పు వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఎనిమిదేళ్లే అనీ చెప్పాడు. అమ్మాయికి జీతం ఎంత రావచ్చంటున్నారు మీ కన్సల్టెన్సీ వాళ్లు అని అడిగాడు. ‘అద్భుతం’ అంటున్నారండీ అని చెప్పలేక తల దించుకున్నాను.

మిగతా పని మా అమ్మాయే చేసుకుంది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు 2002లో అచ్చువేసిన పరిశోధన తీసింది. 1976లో అమెరికా కాలేజీల్లో చేరినవాళ్ల జీతాలు చూశారట. పెద్ద కాలేజీలో చదివినవాళ్లకూ, అలాంటి చోట సీటొచ్చినా మామూలు కాలేజీకి వెళ్లినవాళ్లకూ తర్వాత సంపాదనలో పెద్ద తేడా కనబడలేదు. పేదింటి పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ కలిసొచ్చింది. తర్వాత ఇంకోసారి చూసినప్పుడు, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లలకూ లాభం కనిపించింది. 2023లో రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త, ఇంకో ఇద్దరు కలిసి చూస్తే, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ తరహా కాలేజీ వల్ల సగటు సంపాదన పెద్దగా పెరగదు గానీ, పై ఒక్క శాతం సంపాదనపరుల్లో చేరే అవకాశం ఒకటిన్నర రెట్లు అవుతుందని తేలింది. ఇవన్నీ అక్కడి పిల్లల లెక్కలు, వాళ్లకు వీసా గొడవ లేదు. మా ఇంట్లో నేను బీకాం, మా ఆవిడ ఇంటర్. ప్లాటు ఉంది, చేతిలో డబ్బు లేదు. మరి మేం ఏ వరుసలోకి వస్తాం? పద్దెనిమిదేళ్ల పిల్ల లాప్‌టాప్ ముందు కూర్చుని అంతవరకు వచ్చింది. అక్కడినుంచి ముందుకు తీసుకెళ్లడానికే కదా మీకు డబ్బు కట్టింది!

అప్లికేషన్ నింపేటప్పుడు, ఆర్థిక సాయం అడిగితే సీటు రాదని మీ వాళ్లు ‘వద్దు’ అని టిక్కు పెట్టించారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటివి విదేశీ పిల్లల విషయంలో కూడా సాయం అడిగారా అన్నది చూసి సీటు ఆపవని మేం తర్వాత తెలుసుకున్నాం. అన్ని కాలేజీలూ అలా కావని నాకూ తెలుసు. మా కాలేజీ పద్ధతేమిటని అడిగితే దానికీ ‘నోటెడ్’. ఆ గొడవ ఇప్పుడు తవ్వను, తవ్వితే ఈ ఉత్తరం ఇక్కడితో ఆగదు.

మే 1 దాటిపోయింది. మా అమ్మాయి సీటు వద్దని కాలేజీకి తనే మర్యాదగా మెయిల్ రాసింది. అక్కణ్ణుంచి ఒక మనిషి పేరు పెట్టి, చదువు బాగా సాగాలని కోరుతూ జవాబిచ్చాడు. రూపాయి కట్టని కాలేజీ జవాబిచ్చింది. మా అమ్మాయి ఇక్కడి సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసింది, ఢిల్లీలో ప్రభుత్వ కాలేజీలో చేరతానంటోంది. అక్కడ ఏడాది ఫీజు వేలల్లోనే. వెళ్లుంటే బాగుండేదా, మానుకుని మంచి పని చేశామా అని మీతో వాదించడానికి ఇది రాయడం లేదు. మీరు “వద్దండీ, మీ స్థోమతకు ఇది తగదు” అని ఉన్నా దండం పెట్టి వచ్చేవాణ్ణి. “అప్పు చేసైనా పంపండి, కారణాలివి” అని ఉన్నా ప్లాటు బేరం పెట్టేవాణ్ణి. ఏదో ఒకటి చెప్పే మనిషి మీ అంత పెద్ద ఆఫీసులో లేకపోయాడు.

ప్యాకేజీ డబ్బు వెనక్కిస్తారో, క్షమాపణ రాసిస్తారో మీ ఇష్టం అని రాద్దామనుకున్నాను. రాస్తూ రాస్తూ ఉంటే రెండూ కావాలనిపిస్తోంది. అడిగిన ప్రశ్నలకు జవాబు కూడా రాతపూర్వకంగా కావాలి. మా గుమాస్తా రెండో మేనల్లుడు వచ్చే ఏడాది ఇవే ప్రశ్నలతో వస్తాడు. వాణ్ణి మీ దగ్గరికి పంపాలా, ఆ బ్యాంకు ఆఫీసరు దగ్గరికి పంపాలా అన్నది దాన్ని బట్టి చూస్తాను. గోడ మీద ఫోటో మాత్రం ఇది అందిన రోజే దించండి.

స్పందించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆపైన వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు దానికి కోర్టు ఫీజు కూడా లేదు. అంటే నేను హైదరాబాద్ రానక్కర్లేదు, మీరే గుంటూరు రావాలి. వచ్చినప్పుడు వాయిదా వాయిదాకూ మనిషిని మార్చకుండా, అన్నీ నోట్ చేసుకున్నవాణ్ణే పంపండి.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
గుంటూరు.