సెలూన్ అద్దం పక్కన అతికించాల్సిన చీటీ

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. ఇరవై రెండేళ్లుగా తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మకం బిల్లులు, రాస్తున్నాను. అందులో పదహారేళ్లుగా నాకు తలలో సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉంది. పోయిన ఆదివారం మా పేటలో సెలూన్‌లో జరిగిన సంగతి చూశాక మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నా వంతు కోసం బల్ల మీద కూర్చుని ఉన్నాను. పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు టోపీ పెట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని టోపీ తీశాడు. నుదుటి అంచు నుంచి చెవుల వెనక దాకా ఎర్రగా ఉంది, దాని మీద తెల్లటి పొలుసులు అట్టలు కట్టి ఉన్నాయి. కత్తెర పట్టుకున్నతను ఆగిపోయాడు. "ముందు ఇది తగ్గించుకుని రా తమ్ముడూ, మిగతావాళ్లకి అంటుకుంటే నన్నంటారు" అన్నాడు. దురుసుగా ఏమీ అనలేదు. ఆ కుర్రాడు మారు మాట్లాడకుండా టోపీ పెట్టేసుకుని లేచాడు.

పన్నెండేళ్ల కిందట అరండల్‌పేటలో ఒక సెలూన్ నుంచి నేనూ అచ్చం అలాగే లేచి వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు జుట్టు కత్తిరించుకోలేదు. మా ఆవిడ అడిగితే మొక్కు ఉందన్నాను.

అందుకే మొన్న లేచి ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆపాను. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చీటీ ఉంటుంది. తీసి గట్టిగా చదివాను. అందులో ఏముందో చివర రాస్తాను.

మొదట్లో నేనూ చుండ్రు అనుకున్నాను. చూసినవాళ్లందరూ అదే అన్నారు. షాంపూలు మార్చాను, వేపాకు నూరి పట్టించాను, పుల్ల మజ్జిగ రాశాను. నిమ్మకాయ రుద్దమని ఎవరో చెబితే రుద్దాను. పగిలిన మాడు మీద ఆ రసం పడగానే కళ్లు బైర్లు కమ్మాయి. సర్పదోషం అని మా అమ్మ మోపిదేవి తీసుకెళ్లి పుట్టలో పాలు పోయించింది. నాకు ఆ స్వామి మీద భక్తి ఉంది, ఇప్పటికీ వెళ్తాను. డాక్టరు దగ్గరికి మాత్రం అప్పుడే వెళ్లి ఉండాల్సింది. ఆరేళ్లు ఈ రోగం పేరు తెలియకుండానే గడిచిపోయాయి.

తేడా గమనిస్తే కనపడుతుంది. చుండ్రు పొట్టు కాస్త జిడ్డుగా ఉంటుంది, దువ్వితే రాలుతుంది. ఇది అలా కాదు. పొలుసు పొడిగా, మందంగా, వెండి రంగులో ఉంటుంది, కింద చర్మం ఎర్రబారి ఉంటుంది. జుట్టులోనే ఆగదు, నుదుటి మీదికి, చెవుల వెనక్కి, మెడ మీదికి దిగుతుంది. పొలుసు పీకితే సన్నగా నెత్తురు చుక్కలు పొడుస్తాయి.

ఇక దురద. పగలు పనిలో పడి ఓర్చుకుంటాం. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసరికి నా చెయ్యి నెత్తి మీదే ఉంటుంది, గోళ్లలో నెత్తురు ఉంటుంది. దిండు గలీబుకి జుట్టు అంటుకుపోయి, తల ఎత్తితే చర్మం లాగి నొప్పి పుడుతుంది. ముదురు రంగు చొక్కా తొడుక్కోవడం ఎప్పుడో మానేశాను.

మా యార్డు సంగతి ఈ ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా దిగుతాయి. కాటా దగ్గర నిలబడితే కొత్తవాళ్లకి తుమ్ములు ఆగవు. బాగా ఘాటుండే తేజ రకం కాయ గుట్టలుగా పడిన రోజు ఆ ఘాటు దుమ్ము చెమటతో కలిసి మాడు పగుళ్లలోకి దిగితే నిప్పు పోసినట్టే ఉంటుంది. అందరూ తువ్వాలు ముక్కుకి కట్టుకుంటే నేను నెత్తికి కట్టుకుంటాను. వేసవి సెలవులకి యార్డు మూసేదాకా రోజులు లెక్కపెట్టుకుంటాను. ఈ పని వదిలేయమని చెప్పినవాళ్లు ఉన్నారు. ఇద్దరు పిల్లల చదువులతో అది కుదిరే మాట కాదు.

ఆ ఆరేళ్లలో నేను చేసిన పెద్ద తప్పు మందులషాపులో అడిగి ట్యూబు కొనడం. ఆ షాపు ఎవరిదో రాయను, అడిగింది నేనే కదా. రాసిన నాలుగు రోజులకే పొలుసులు పోయాయి. పండగలా అనిపించింది. ఆపిన రెండు వారాలకి రెట్టింపుగా వచ్చింది. మళ్లీ కొన్నాను. అలా ఏడాదిన్నర రాసుకున్నాను. అది క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ అనీ, డాక్టరు చెప్పినన్నాళ్లే వాడి మెల్లగా తగ్గించాలనీ, ఊరికే రాస్తూ పోతే చర్మం పలచబడిపోతుందనీ తర్వాత తెలిసింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన పెట్టింది. దయచేసి ఎవరూ చీటీ లేకుండా అడగవద్దు, ఇవ్వవద్దు.

చివరికి కొత్తపేటలో ఒక స్కిన్ డాక్టరమ్మ నా తల కంటే ముందు చేతి గోళ్లు చూశారు. సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలున్నాయి. నా కుడిచేతి మధ్యవేలు వాచి ఉంటే, బిల్లులు రాసీ రాసీ అనుకున్నాను. అది కూడా ఈ రోగమేనని, సోరియాసిస్ కీళ్లకి పాకుతుందని, తలలో, గోళ్లలో ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం కాస్త ఎక్కువని చెప్పారు. పొద్దున్నే కీళ్లు పట్టేస్తుంటే, వేళ్లు వాస్తుంటే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలట. మామూలుగా చర్మం పై పొర మారడానికి నెల రోజుల దాకా పడుతుంది, మాలాంటివాళ్లకి మూడు నాలుగు రోజుల్లోనే కొత్తది తోసుకొస్తుంది, రాలాల్సిన పాతది అక్కడే పేరుకుంటుంది, ఒంట్లో రోగనిరోధక శక్తి గాడి తప్పడం వల్ల ఇలా జరుగుతుందని అర్థమయ్యేలా చెప్పారు. పూర్తిగా పోయే మందు లేదని, అదుపులో ఉంచుకోవచ్చని కూడా దాచకుండా చెప్పారు.

వేలు కోసం మెథోట్రెక్సేట్ మాత్ర రాశారు. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేయించుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మా ఇంట్లో క్యాలెండరు మీద ప్రతి ఆదివారానికీ మా అమ్మాయి ఎర్ర సున్నా చుట్టి ఉంచుతుంది.

తల పని మా ఆవిడది. రాత్రి భోజనాలయ్యాక నేను కింద కూర్చుంటే తను మంచం మీద కూర్చుని దువ్వెన తోకతో పాయలు విడదీస్తుంది. మందు జుట్టుకి రాస్తే లాభం లేదు, మాడుకి చేరాలి. సాలిసిలిక్ యాసిడ్ కలిపిన పూత పాయ పాయకీ వేలి కొసతో అద్దుతుంది. పాత నూలుగుడ్డ చుట్టుకుని పడుకుంటాను. పొద్దునకి పొలుసు మెత్తబడుతుంది. పీకకూడదు, తారు షాంపూ పెట్టి కాసేపు ఉంచి గోరువెచ్చటి నీళ్లతో కడిగితే దానంతటదే వదులుతుంది. వేడినీళ్లు పనికిరావు. ముందు ఇలా పొలుసు వదిలితేనే తర్వాత రాసే మందు లోపలికి ఇంకుతుంది. ఈ పని మొదలుపెట్టిన రెండు నెలలకి, ఎన్నో ఏళ్ల తర్వాత, నేను తెల్లారేదాకా నిద్రపోయాను. ఊడిన జుట్టు కూడా చాలావరకు మళ్లీ వచ్చింది.

ఇంకో మాట. మందు బాగా పడుతుందని ఒకసారి గుండు చేయించుకున్నాను. కత్తి గీరుకున్న చోటల్లా రెండు వారాల్లో కొత్త మచ్చలు లేచాయి. దెబ్బ తగిలిన చర్మం మీద ఈ రోగం కొత్తగా పుడుతుందని అప్పుడు తెలిసింది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోమనేదీ అందుకే. టెన్షన్ కూడా దీన్ని పెంచుతుంది, సీజను లెక్కలు తేల్చే రోజుల్లో నాకు తప్పకుండా ఎగదోస్తుంది.

2014లో జెనీవాలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్ అంటువ్యాధి కాదని తీర్మానంలోనే రాసింది. ఏటా అక్టోబరు 29ని ప్రపంచ సోరియాసిస్ దినంగా జరుపుతారు. అయినా మొన్న ఆ కుర్రాడు కుర్చీలోంచి లేవాల్సి వచ్చింది. అతనికి తన రోగం పేరు కూడా తెలియదు. జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, చర్మవ్యాధుల ఓపీ ఉందని, వెంటనే వెళ్లమని చెప్పాను. చీటీ విన్నాక సెలూన్ అతను కుర్రాణ్ని మళ్లీ కూర్చోబెట్టి మెల్లగా, జాగ్రత్తగా కత్తిరించాడు. నా వంతు వచ్చినప్పుడు, "గుమస్తాగారూ, దీనికి జిరాక్స్ తీసి ఇవ్వండి, అద్దం పక్కన అతికిస్తాను" అన్నాడు. ఇచ్చాను.

ఊళ్లో సెలూన్లు చాలా ఉన్నాయి. అన్నింటికీ నేను పంచలేను. అందుకే మీ పత్రికని అడుగుతున్నాను. పదేళ్ల కిందట డాక్టరమ్మ తన చీటీ మీద తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇచ్చిన మాటలు ఇవి. ఈసారి అక్టోబరు 29న పెద్ద అక్షరాలతో, కత్తిరించుకోవడానికి వీలుగా వేయండి:

"ఈయనకు ఉన్నది సోరియాసిస్. ఇది అంటువ్యాధి కాదు. తాకినా, ఒకే దువ్వెన, కత్తెర, తువ్వాలు వాడినా ఇంకొకరికి రాదు. పనిముట్లు అందరికీ శుభ్రం చేసినట్టే చేస్తే చాలు. జుట్టు కత్తిరించవచ్చు. పొలుసులు గీకవద్దు, బ్లేడు తలకి తగలనివ్వవద్దు."

ఇట్లు,
ఒక మిర్చియార్డు గుమస్తా,
గుంటూరు