ఆ పెట్టెలోని పాత బొమ్మల ధర గురించి

చి. ల. సౌ. శ్రావణికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. గ్యారేజ్ సేల్‌లో మీరు కొన్న అట్టపెట్టెలో స్పీక్ అండ్ స్పెల్ (మాటలు పలికి స్పెల్లింగ్ నేర్పే బొమ్మ), సైమన్ (వెలిగే రంగుల వరుసను గుర్తుపెట్టుకుని నొక్కే ఆట), ఫర్బీ (మాట్లాడే బొచ్చు బొమ్మ) ఉన్నాయనీ, వాటికి వెయ్యి డాలర్ల దాకా వస్తాయని మీ ఆఫీసులో ఎవరో అన్నారనీ, ఎంతకు అమ్మకానికి పెట్టాలో చెప్పమనీ రాశావు. నువ్వు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను.

ఆ వెయ్యి డాలర్ల మాట ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. పాత వస్తువులు అమ్ముకునే ఈబే వెబ్‌సైటులో అటువంటి ధర పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఎందుకంటే అడగడానికి ఖర్చేమీ లేదు. మన వీధి చివరి స్థలానికి బ్రోకర్లు చెప్పే రేటుకూ, అది నిజంగా చేతులు మారినప్పుడు పలికిన రేటుకూ ఎంత తేడా ఉంటుందో నీకు తెలియనిది కాదు. అందుచేత వెతికేటప్పుడు ‘సోల్డ్ ఐటమ్స్’ (అమ్ముడైనవి) అన్న గడిని తప్పకుండా ఎంచుకో. అందులోనూ ధర మీద అడ్డగీత కనిపిస్తే, అమ్మినవారు బేరానికి ఒప్పుకుని అంతకంటే తక్కువకే ఇచ్చారని అర్థం. ఆ అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. మిగిలిన వాటిలో నీ వస్తువు స్థితికి సరిపోయే వాటిని మాత్రమే ఏరి, వరుసలో పెట్టి, మధ్యలో ఉన్న ధరను తీసుకో. ఉదాహరణకు 40, 45, 48, 52, 180 డాలర్లకు అమ్ముడైనట్లు కనిపిస్తే నీ ధర 48 అవుతుంది గానీ, సగటు కట్టి 73 అనుకుంటే పొరపాటు. ఆ 180 బహుశా సీలు విప్పని పెట్టెది అయి ఉంటుంది.

పాతదైనంత మాత్రాన విలువ పెరగదు. సైమన్ 1978లో వచ్చింది, ఫర్బీ 1998లో వచ్చింది. రెండూ అమెరికాలో ఇంటింటికీ చేరేంతగా అమ్ముడయ్యాయి కనుక ఇప్పటికీ ఏ అటక దులిపినా దొరుకుతాయి. పెట్టె, సూచనల కాగితం, చెవికి కట్టిన ట్యాగు లేని ఫర్బీ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అది కళ్లు తెరవడం లేదన్నావు కదా, వాటిలో అది చాలా మామూలు జబ్బు. కళ్లు, చెవులు, ముక్కు అన్నింటినీ ఒకే మోటారు కదిలిస్తుంది కాబట్టి అది పట్టేస్తే బొమ్మ మొత్తం నిద్రపోయినట్లే. సైమన్ విషయంలో ఒక్క జాగ్రత్త చాలు: తొలి నమూనాకు రెండు పెద్ద డి సైజు బ్యాటరీలతో పాటు 9 వోల్టుల బ్యాటరీ కూడా ఉండాలి. అది పెట్టకుండా ‘పనిచేయదు’ అని రాసి సగం ధరకు ఇచ్చేయవద్దు.

అసలు సంగతి స్పీక్ అండ్ స్పెల్‌ది. అది మీ డాలస్ సరుకే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు 1978లో తెచ్చారు. మనిషి గొంతును టేపు మీద కాకుండా ఒకే చిప్పులో గణితం ద్వారా పుట్టించిన తొలి వస్తువులలో అది ఒకటి కావడం చేత బొమ్మలు సేకరించేవారే కాక ఇంజనీర్లూ, లోపలి తీగలు మార్చి వింత శబ్దాలు తీసే సంగీతకారులూ దానిని కొంటారు. అందుకే పనిచేయనిదానికి కూడా కొంత గిరాకీ ఉంటుంది. (ఇంత వివరంగా రాయడం నా పాత వృత్తి అలవాటు, విసుక్కోకు.) నీ ఫొటోలో మీటలు బుడిపెల్లా పైకి ఉన్నాయి కనుక అది తొలి నమూనా, తర్వాత వచ్చిన వాటికి చదునైన పొర మీద అచ్చు వేసిన అక్షరాలు ఉంటాయి. 2019లో బేసిక్ ఫన్ అనే సంస్థ దానిని మళ్లీ తయారుచేసింది గనుక వెనుక వైపున్న అచ్చును కూడా దగ్గరగా ఫొటో తీసి పెడితే కొనేవారికి అనుమానం ఉండదు.

బ్యాటరీ గదిలో తెల్లని పొడి కనిపిస్తోంది. అది ఆల్కలైన్ బ్యాటరీ కారడం వల్ల ఏర్పడింది. దూదిపుల్లను వెనిగర్‌లో ముంచి రేకు ముక్కల మీద మాత్రమే రుద్ది, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనివ్వు. ఆ తర్వాత నాలుగు సి సైజు బ్యాటరీలు వేసి, 26 అక్షరాల మీటలనూ ఒక్కొక్కటిగా నొక్కి, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తెగకుండా వెలుగుతున్నాయో లేదో చూసి, గొంతు వినిపించేలా చిన్న వీడియో తీయి. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను పెరాక్సైడ్‌తో తెల్లబరిచే పని మాత్రం పెట్టుకోవద్దు. మచ్చలు పడితే మళ్లీ సరిచేయలేము, పైగా సేకరించేవారిలో చాలామంది ఉన్నదున్నట్లుగా ఉండడాన్నే కోరుకుంటారు. అప్పట్లో దాని ధర సుమారు 50 డాలర్లు. దానిని ద్రవ్యోల్బణంతో పెంచి చూస్తే నేటి లెక్కలో 200 దాటుతుంది, కానీ కొనేవారికి ఆ లెక్కతో పని లేదు.

చేతికి వచ్చేది ఎంతో కూడా ముందే చూసుకో. 60 డాలర్లకు అమ్మి, రవాణాకు 15, పన్నుకు 6 కలిపితే కొనేవారు కట్టేది 81 అవుతుంది. ఈబే వారు తీసుకునే 13 శాతం పైచిలుకు రుసుము ఆ మొత్తం మీద పడుతుంది గనుక పదిన్నర డాలర్లకు పైగా అక్కడే పోతాయి. అట్టపెట్టె, బుడగల కాగితం ఖర్చు వేరు.

నా మాట వింటే మూడింటినీ ఒకే మూటగా అమ్మవద్దు. సైమన్‌ను, ఫర్బీని మీ దగ్గరలో ఎవరైనా వచ్చి తీసుకెళ్లేలా తక్కువకే ఇచ్చేయి. స్పీక్ అండ్ స్పెల్‌ను మాత్రం విడిగా, వీడియోతో సహా, మధ్య ధరకు కాస్త పైన పెట్టి బేరానికి చోటు ఉంచు. అల్లుడుగారు స్క్రూలు విప్పి లోపల చూస్తానన్నారని రాశావు. అమ్మకం అయ్యేదాకా ఆ సరదా వాయిదా వేసుకోమని నా మాటగా చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న